పిల్లికి లేని పత్యం

మా వాకిట్లో సిమెంటు గచ్చు మీద స్టీలు పళ్లెం గరగరలాడుతోంది. వీధిపిల్లి అడుగు నాకుతూ దాన్ని గోడదాకా నెట్టుకుపోతోంది. నిజామాబాద్‌లోని ఈ ఇంట్లో ఆ చప్పుడు విన్నప్పుడల్లా, బోధన్‌లో మేం అద్దెకున్న ఇంటి యజమానురాలు సత్తెమ్మ అవ్వ గుర్తొస్తుంది. ఆమెకు పిల్లులంటే ప్రేమేమీ లేదు. వడ్ల బస్తాలకు ఎలుకలు పట్టకుండా ఒకదాన్ని ఉంచుకుంది, అంతే. దాన్ని ఒళ్లోకి తీసుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

నా తొలి కాన్పు రోజుల్లోనే ఆ పిల్లి బస్తాల గదిలో ఈనింది. నాకు పత్యం పెట్టడానికి కోటగిరి నుంచి మా అమ్మ వచ్చింది. గుప్పెడు అన్నం, ఎల్లిపాయ కారం. నీళ్లు గొంతు తడిసీ తడవనన్ని. బాలింత నీళ్లు తాగితే పిల్లకు జలుబు చేస్తుందని అమ్మ నమ్మకం. వాళ్లమ్మ ఆమెకు చేసిందే ఆమె నాకు చేసింది. పాలు చాలక నా కూతురు గుక్కపట్టి ఏడ్చేది, రోజురోజుకూ వాడిపోయేది. నాకు భయం వేసేది, అయినా నోరు విప్పేదాన్ని కాదు.

కిటికీ అవతల పిల్లికి మాత్రం పెళ్లి భోజనమే. పొద్దున చేపముక్కలు కలిపిన అన్నం, మధ్యాహ్నం గుడ్డు, పొద్దుగూకాక మళ్లీ ఓ పళ్లెం, పక్కన గిన్నెడు నీళ్లు. ఉండబట్టలేక ఒకరోజు అడిగాను.

"అవ్వా, దానికి గంత తిండెందుకు?"

"గన్ని నోర్లు దాన్నే తింటున్నయి. దానికి పెడ్తేనే గవ్విటికి పెట్టినట్టు" అని, నా కంచం వైపు చూసింది. "గిదేంది? నువ్వు గిదే తింటున్నవా?"

మరుసటి పూట నిండు కంచం, చెంబెడు నీళ్లు తెచ్చి నా ముందు పెట్టింది. అమ్మకు కోపమొచ్చింది.

"పిల్లికి, నా బిడ్డకు పోలికనా?"

"ఏం పోలిక? పిల్లి ఆకలైతే అరుస్తది. నీ బిడ్డ అరుస్తలేదు. గంతే ఫరక్."

అప్పుడు నేనే, "దూపైతున్నదమ్మా" అన్నాను. అమ్మ మొహం ముడుచుకునే చెంబు అందించింది. వారం తిరిగేసరికి పిల్ల కడుపు నిండి నిద్రపోసాగింది.

కూనలకు పళ్లొచ్చి కొరకడం మొదలయ్యాక తల్లి వాటిని పాలకు రానివ్వకుండా పంజాతో కొట్టేది. అవ్వ వాటికి వేరే పళ్లెంలో చేపన్నం మెత్తగా పిసికి పెట్టి, తల్లి తిండి కొంచెం కొంచెంగా తగ్గించింది. "పాపం, కొడ్తున్నదవ్వా" అంటే, "కొట్టుడు గాదది. ఇగ మీది మీరు తినుండ్రి అని చెప్పుడు" అంది. తినడం నేర్చాక ఒక్కోదాన్ని ఒక్కో ఇంటికి ఇచ్చేసింది, ఏ బెంగా లేకుండా. తర్వాత నా కూతురికి పాలు మాన్పిస్తూ నేను బాగా ఏడ్చాను. అప్పుడు ఆ మాటే ఆసరా అయింది.

అవ్వ పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు ఆ కూతురే బాలింతయి మా ఇంట్లో ఉంది. వచ్చిన చుట్టాలు నేరుగా ఊయల దగ్గరికి పోతారు. నేను కంచంతో మంచం దగ్గరికి పోతాను. అలాగని అమ్మ పత్యం నన్ను పూర్తిగా వదల్లేదు. నిన్న మజ్జిగ పోస్తుంటే నా చేయి దానంతటదే ఆగింది.

"ఆగినవేందమ్మా? ఇంకింత పొయ్యరాదే, ఆకలైతున్నది!" అని అరిచింది నా బిడ్డ.

ఆ అరుపు అవ్వ విని ఉంటే బాగుండేది. గిన్నెలో ఉన్నదంతా వంపేశాను.