మూర్తి సర్ క్లాస్‌ల హాల్‌టికెట్ పోగొట్టుకున్న స్టూడెంట్

నిన్న పొద్దుగాల మా బ్యాచ్ శ్రీకాంత్ ఫోన్ చేసి "మూర్తి సర్ పోయిండ్రే" అన్నడు.

ఏ మూర్తి సర్ అని అడిగిన.

తెలిసే అడిగిన. ఇంకో మూర్తి సర్ అయితే మంచిగుండు అని.

హార్ట్ ఎటాక్ అంట. దవాఖానకు తీస్కపోయేలోపే.

చైతన్యపురి మెయిన్ రోడ్డు మీద, టిఫిన్ సెంటర్ పైన సర్ కోచింగ్. మాకు ప్రోగ్రామింగ్ చెప్తుండె. సర్‌ది తెనాలి. మేమేమో మీర్‌పేట్, కర్మన్‌ఘాట్ పిల్లలం. ఉద్యమం మస్తు వేడి మీదున్న రోజులు.

ఒకరోజు బోర్డు మీద పర్సన్ అని ఒక క్లాస్, అంటే ప్రోగ్రాంల మనిషికో నమూనా, రాసిండ్రు. దాంట్ల నకలు తీసే పనికి కాపీ అనే మెథడ్. అది మళ్ల పర్సన్‌నే వాపస్ ఇస్తది.

"పూర్తిగాని క్లాస్ పేరు దాని లోపలే ఎట్ల రాస్తరు సర్?" అన్న.

"నువ్వు పుట్టకముందే మీ అమ్మ నీకో పేరు అనుకుని ఉంచలేదా తల్లీ?"

తర్వాత పర్సన్ కింద, దాని బిడ్డ లెక్క, స్టూడెంట్ క్లాస్ తీసి, హాల్‌టికెట్ నంబర్ కలిపినం. నేను స్టూడెంట్‌ని కాపీ కొట్టి హాల్‌టికెట్ అడిగిన. ఎర్రర్! వాపస్ ఒచ్చింది పర్సన్ కద, వానికి హాల్‌టికెట్ యాడికెళ్లి ఒస్తది.

సర్ పడీపడీ నవ్విండ్రు. "స్టూడెంట్‌గా లోపలికెళ్లి ఉత్త మనిషిగా బయటికొచ్చాడమ్మా! ఎగ్జామ్ ఎవడు రాస్తాడిప్పుడు?"

తప్పు స్టూడెంట్‌ది కాదంట. తిరిగొచ్చేది పర్సనే అని పై క్లాస్ ముందే ఫిక్స్ చేసుడు తప్పంట. గా జాగల టైప్ పేరామీటర్ అని ఒక ఖాళీ పెట్టి ఇడిస్తే, కింది క్లాస్ తన పేరు తానే నింపుకుంటది.

"పైవాడు కాస్త చోటు వదలాలి, అంతే" అన్నరు.

వెనక బెంచీల కెళ్లి ఎవడో "జై తెలంగాణ!" అన్నడు. క్లాసంత ఒకటే నవ్వు. సర్ కూడ నవ్విండ్రు.

నాకు మాత్రం బుగులైంది. రాష్ట్రం రావాలె. ఒస్తే సర్ పోతరా?

తలకాయ దించి బోర్డు మీదిది నోట్స్‌ల ఎక్కించుకున్న.

రాష్ట్రం ఒచ్చిన రోజు దిల్‌సుఖ్‌నగర్ అంత గులాబి రంగే. మొహాల నిండ గులాల్‌తోని కోచింగ్ మెట్లెక్కినం గని, డోర్ కాడనే ఆగినం.

సర్ చూసిండ్రు. "ఏమ్మా, నాకు పూయరా?" అని బుగ్గ ముందుకు పెట్టిండ్రు.

పూసిన. "మీరు పోతరా సర్?" అని అడిగేసిన.

"ఎక్కడికి? సగం సిలబస్ మిగిలుంది, కూర్చోండి."

నిన్న ఎల్బీనగర్‌ల సర్ ఇంటికి పోయినం. సర్ వాళ్ల మేడంని అడిగిన, తెనాలికి తీస్కపోతరా అని.

"లేదమ్మా. ఎప్పుడో చెప్పేశారు. మా పిల్లలంతా ఇక్కడే ఉన్నారు, నన్ను ఇక్కడే ఉంచండి అని."

సర్‌కు పిల్లల్లేరు.

మేడం మొహం చూడలేక బయటికొచ్చిన. వాకిట్ల ఎన్నెన్ని బ్యాచులో, నిలబడనీకి జాగ లేదు. పాడె లేపేటప్పుడు శ్రీకాంత్ పక్కన నేను గూడ ఒక కొస పట్టిన. ఆడపిల్ల అని ఎవ్వరు ఒద్దనలే.

నిమ్మళంగ పండుకోండ్రి సర్. మస్తు యాదికొస్తున్నరు.