ఈత రానివాడి పడవ

మొన్న సత్తెనపల్లి బస్టాండులో టీ తాగుతుంటే, ఒకాయన నా వంక కాసేపు అదే పనిగా చూసి, గ్లాసు చేత్తో పట్టుకునే దగ్గరికొచ్చి, "పడవాయన మీరే కదండీ?" అనడిగాడు. నాకు నవ్వొచ్చింది. ముప్పై నాలుగేళ్లు రైల్వేలో చేశాను నేను. నడికుడి జంక్షన్లో పాయింట్లు మార్చాను, జెండాలు ఊపాను, పగలూ రాత్రీ తేడా లేకుండా బళ్లని పంపించాను. రైల్వే ఆయన మీరే కదా అని ఈ రోజు దాకా ఒక్కడూ అడగలేదు. పట్టుమని పద్నాలుగు నెలలు పడవ పెట్టుకున్నందుకు ఈ జన్మకి పడవాయన్నయి కూర్చున్నాను. "ఆఁ, నేనే" అన్నాను. ఇంకేమీ అడక్కుండా తల ఊపి, ఆయన అచ్చంపేట బస్సెక్కి వెళ్లిపోయాడు. నేను మాత్రం రెండు బస్సులు వదిలేసి అక్కడే కూర్చున్నాను.

రిటైరైన ఏడాదికే మా ఆవిడ పోయింది. కిడ్నీల జబ్బు. రెండేళ్లపాటు వారానికి మూడు రోజులు గుంటూరు బస్సు, డయాలసిస్, మళ్లీ బస్సు. ఏ డ్రైవరు బ్రేకు మెల్లగా వేస్తాడో, ఏ సీటు కింద చక్రం తగలదో మా ఇద్దరికీ కంఠతా వచ్చేసింది. ఆవిడ ఎలిమెంటరీ స్కూల్లో టీచరు. బస్సులో కూడా ముందు సీటు పిల్లల చేత ఎక్కాలు చెప్పించేది. పోయినరోజు నాకేమీ అనిపించలేదు. ఇది ఎట్లా చెప్పాలో ఇప్పటికీ తెలీదు. పాస్టరు గారు సమాధి దగ్గర ప్రార్థన చేస్తుంటే, ఆయన చొక్కాకి మూడో గుండీ వేరే రంగుదని గమనిస్తూ నిలబడ్డాను. ఇంటికొచ్చి, ఎవరో తెచ్చిన పప్పుచారు రెండుసార్లు పోయించుకుని తిన్నాను. బాగుందనీ లేదు, బాగాలేదనీ లేదు. మందిరంలో ఆడవాళ్లు కొందరు గుండె గట్టిదన్నారు, ఇంకొందరు అసలు గుండే లేదన్నారు. రెండూ నా చెవిన పడ్డాయి. రెండిట్లో ఏది నిజమో తెలుసుకోవాలన్న ఆసక్తి కూడా కలగలేదు.

మూడు నెలల తర్వాత ఆవిడ కుట్టుమిషను మా బావమరిది పెళ్లానికి ఇద్దామని ఆటోలో వేసుకుని వాళ్ల కాలనీకి వెళ్లాను. మా అత్తగారి ఊరు కృష్ణ ఒడ్డున ఉండేది. ప్రాజెక్టు కట్టినప్పుడు ఊరు ఊరంతా నీళ్ల కిందకి పోయింది. జనాన్ని అచ్చంపేట వైపు తెచ్చి, అగ్గిపెట్టెలు పేర్చినట్టుగా వరసలు కట్టిన ఇళ్లలో దింపారు. మా బావమరిది, అంటే మా ఆవిడ ఒక్కగానొక్క తమ్ముడు, ఊరు ఖాళీ చేసినప్పుడు చివరిదాకా ఉండి గుమ్మాలూ కిటికీలూ పీక్కుని ట్రాక్టరు మీద వచ్చాడు. ఆ గుమ్మాలు కొత్త ఇంటికి కొలత సరిపోక పెరట్లో కోళ్లగూడయ్యాయి. కాలనీ నుంచి నీళ్లు కిలోమీటరున్నర. అన్నేళ్లలో అతను ఒక్కసారి కూడా ఆ వైపు వెళ్లలేదు. మిరపచేను కౌలుకి చేసేవాడు, అది కూడా నీళ్లు కనపడని పక్కనే చూసుకున్నాడు.

వంట ఆలస్యమయ్యేట్టుందని నేను ఊరికే నడుచుకుంటూ ఒడ్డుకి పోయాను. అక్కడ పదకొండు అడుగుల చెక్కపడవ బోర్లించి ఉంది, ఒక మనిషికి తప్ప రెండో మనిషికి చోటు లేనిది. దాని మీద కూర్చుని ఒక పెద్దావిడ వల బాగుచేసుకుంటోంది. ఆవిడకి ఇంకో పెద్ద ఫైబరు పడవ ఉంది, ఇంజనుతో. ఈ చిన్నది భర్తది. ఆయనకి మోకాళ్లు పోయాయి, ఇక నీళ్లలోకి దిగేది లేదు.

"ఏంది తమ్ముడా, అట్టా చూస్తన్నావు? కొంటావా?" అంది నవ్వుతూ.

"కొంటానక్కా" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి ఎందుకొచ్చిందో నాకు తెలీదు. ఆవిడ వల పక్కన పెట్టి రేటు చెప్పింది, నేను బేరమాడలేదు. తిరిగొచ్చేసరికి మా బావమరిది కంచాలు పెడుతున్నాడు. సంగతి చెప్పాను.

"పడవ కొన్నావా? నీకు ఈతొచ్చా బావా?"

"రాదు."

"పోనీ, చేపలు పట్టడమన్నా వచ్చా?"

"రాదు."

"మరెందుకు కొన్నట్టు?"

"ఆ కూర ఇటు జరుపు" అన్నాను. అతను గిన్నె నా వైపు నెట్టి, తను తినకుండానే లేచి చెయ్యి కడుక్కున్నాడు. తర్వాత వాళ్ల ఆవిడ చేత చెప్పించాడు, ఆ నీళ్ల మీద తిరిగే మాటయితే ఇంట్లో మాత్రం ఆ కబుర్లు తేవద్దని. సరేనన్నాను.

వారానికి రెండు మూడు రోజులు సత్తెనపల్లి నుంచి స్కూటరు మీద వెళ్లేవాణ్ణి. పడవని తయారు చేసుకోవడంలో నేను చేసిన ఘనకార్యాలు ఒడ్డున ఇప్పటికీ చెప్పుకుంటారట. పలకల మధ్య సందుల్లో దూదిని తారులో ముంచి కూరాలని పడవ అమ్మిన అక్క చెప్పింది. నేను రైల్వే మనిషిని కదా, నాకు అంతకంటే బాగా తెలుసు. పైపుల లీకులకి వేసే బంక తెచ్చి సందులన్నీ పూడ్చి, పైన మిగిలిపోయిన ఎర్రరంగు కొట్టాను. "ఎండకి పగులుద్ది తమ్ముడా" అంది. పగలదన్నాను. అచ్చంపేటలో కొలిమి దగ్గరికి వెళ్లి పాత ట్రాక్టరు గొర్రు ముక్కలతో లంగరు చేయించాను. దాన్ని ముందువైపు పెడితే పడవ ముక్కు నీళ్లలోకి వంగి, వెనక భాగం గాల్లోకి లేచింది. తాడు కట్టిన రాయి చాలునని అక్క అప్పుడు కూడా చెప్పింది. ఫోనులో లైఫ్‌జాకెట్ తెప్పిస్తే చిన్నపిల్లల సైజుది వచ్చింది. చేతులు దూరక మెళ్లో వేలాడేసుకుంటే, పాలు తాగే పసివాడికి కట్టే గుడ్డలా ఉంది. అక్క నవ్వి నవ్వి, చివరికి రెండు ఖాళీ నూనె డబ్బాలకి మూతలు బిగించి నా సీటు కింద కట్టింది. "మునిగితే వీటిని వాటేసుకో. సిగ్గుపడమాక."

ఇంజను కత ఇంకోటి. గడ్డి కోసే మిషనుకి పొడుగు కడ్డీ, దాని చివర రెక్కలు బిగించి పడవ ఇంజను చేసిచ్చే మెకానిక్కు ఒకాయన ఉన్నాడని తెలిసి చేయించుకున్నాను. రెండు రోజులు దర్జాగా తిరిగాను. మూడో రోజు అదురుకి బోల్టులన్నీ వదులై, ఇంజను బిగించిన చెక్కతో సహా ఊడి, ఆగకుండా తిరుగుతూనే నీళ్లలోకి పోయింది. కాసేపు బుడగలొచ్చాయి. నేను బుడగలు ఆగిందాకా చూసి, తెడ్డు తీసుకున్నాను. తెడ్డు వెయ్యడం అంతకుముందు నేర్చుకోలేదు కాబట్టి గంటన్నర ఉన్నచోటే గుండ్రంగా తిరిగాను. ఇంకెవరైనా అయితే తిట్టుకునేవాళ్లు, ఏడ్చేవాళ్లు. నాకు ఏదీ రాలేదు. ఆ రోజుల్లో నా సంగతంతా అట్లాగే ఉండేది. చెయ్యి తిమ్మిరెక్కినప్పుడు గిల్లితే ఎవరి చెయ్యో గిల్లినట్టుంటుంది చూడండి, మనిషి మొత్తం అట్లా ఉన్నాను.

అక్కే తెడ్డు నేర్పింది, వల వెయ్యడం నేర్పింది. నేను బెస్తవాణ్ణి కాదు కాబట్టి చేపలు అమ్ముకోకూడదు, కూరకి పట్టుకోవచ్చు. అమ్మేంత పడితే కదా. మొదట పడింది అరచేతి వెడల్పు జిలేబీ చేప. దాన్ని వల నుంచి విడిపించేలోపు ముల్లు బొటనవేల్లో దిగింది. నెత్తురు చూసి, ఓహో, నెత్తురు అనుకున్నాను. అక్క పసుపు అద్దుతూ అడిగింది.

"మీ ఆవిడ పోయి ఎన్నాళ్లయిందన్నావు?"

"ఆరు నెలలు."

"ఏడ్చావా?"

"లేదక్కా. రాలా."

"పోనీలే. దానికి టయానికి కట్టాలనేం లేదు" అని వేలికి గుడ్డ చుట్టి, తన పని తను చూసుకుంది. అన్నాళ్లలో నాతో ఆ విషయం మామూలుగా మాట్లాడిన మనిషి ఆవిడొక్కతే.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఎండాకాలం నీళ్లు బాగా తగ్గితే మా అత్తగారి ఊరు కొంచెం బయటపడుతుంది. వాటర్ ట్యాంకు స్తంభాలు, బడి గోడలు, రెండు మూడు మొండి చెట్లు. మా ఆవిడ ఆఖరి వేసవిలో ఒక్కసారి చూపించమని అడిగింది. డయాలసిస్ లేని రోజు చూసి వెళ్దామన్నాను. డయాలసిస్ లేని రోజు ఆవిడ లేవలేకపోయేది. లేవగలిగిన రోజు నాకు విసుగొచ్చి పడుకునేవాణ్ణి. వచ్చేవారం, వచ్చేవారం అంటూ నెట్టాను. ఆవిడ రెండోసారి అడిగింది, మూడోసారి అడిగింది, తర్వాత వానలు పడ్డాయి.

పడవ కొన్న తర్వాత వచ్చిన మే నెలలో, ఒక పొద్దున్నే తెడ్డేసుకుంటూ అక్కడికి వెళ్లాను. స్తంభాలు కనిపించాయి, గోడలు తలల మట్టుకు నీళ్లలోంచి లేచి ఉన్నాయి. వాటి మీద నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి. ఏమన్నా అనిపిస్తుందేమోనని లంగరు వేసి కూర్చున్నాను. ఏమీ అనిపించలేదు. ఎండెక్కాక బయల్దేరదామని తాడు లాగితే లంగరు రాలేదు. అడుగున దేన్నో పట్టుకుంది. గట్టిగా లాగాను, పడవ ముక్కు కిందికి వంగింది, కాళ్ల దగ్గర టప్పున చప్పుడైంది. నా పైపుల బంక. సందు పొడుగునా నోరు తెరిచింది.

నీళ్లు వేళ్ల దాకా వచ్చాయి, చీలమండ దాకా వచ్చాయి. తోడటానికి మగ్గు పక్కనే ఉంది. తాడు కొయ్యడానికి చాకు లేదు గానీ ముడి విప్పొచ్చు. ఇవన్నీ నాకు తెలుసు. అయినా చెయ్యి లేవలేదు. చావాలనుకోలేదు, బతకాలనుకోలేదు. చల్లగా ఉన్నాయి నీళ్లు అనుకుంటూ కూర్చున్నాను. ఇప్పుడు తల్చుకుంటే భయమేస్తుంది, అప్పుడు వెయ్యలేదు.

ఫోను మోగింది. మా బావమరిది.

"బావా, కోడిని కోశాం. స్కూటరు ఒడ్డునుందంట గదా. తిండానికి వస్తన్నావా?"

"పడవలోకి నీళ్లొస్తన్నయి" అన్నాను, నడికుడిలో బండి లేటని చెప్పినట్టు.

"ఎక్కడున్నావు?"

"మీ ఊళ్లో."

 ఒక్కసారిగా అతని గొంతు మారిపోయింది. "మగ్గుందా? తోడు. ఫోను జేబులో పెట్టుకొని తోడు బావా. నీళ్ల చప్పుడు నాకు వినపడాల. వినపడటంలా, గట్టిగా తోడు." మగ్గు తీసుకున్నాను. అతను పరుగెత్తుతున్నాడు, ఆ రొప్పు నాకు వినిపిస్తోంది. మధ్యమధ్యలో, "ఆగావేంది? తోడు!" అని అరుస్తున్నాడు. బడిలో మాస్టారు చెప్పినట్టు చేసే పిల్లాడిలా నేను తోడాను. ఎంతసేపో తెలీదు. తర్వాత జేబులోంచి అక్క పడవ ఇంజను మోత వినపడింది, కాసేపటికి అదే మోత నీళ్ల మీద కూడా వినపడింది.

మా బావమరిది పడవ అంచులు రెండు చేతులతో పట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుని వచ్చాడు. అక్క తాడు కోసింది. నన్ను ఇద్దరూ కలిసి చొక్కా పట్టుకుని పెద్ద పడవలోకి లాక్కున్నారు. నూనె డబ్బాల పుణ్యమా అని నా పడవ నడుం దాకా మునిగి ఆగింది. దాన్ని వెనక కట్టుకున్నారు. అప్పుడు అతను కళ్లు తెరిచి చుట్టూ చూశాడు. స్తంభాలు చూశాడు, అవతల గుట్ట చూశాడు, వేలితో ఏదో కొలుచుకున్నాడు.

"నీ లంగరు పట్టింది మా పశువుల కొట్టం కాడ. ఇటు పక్కనే ఇల్లు" అన్నాడు. వేలు దించకుండానే, "అక్కాయి నన్నూ అడిగింది బావా" అన్నాడు.

"ఏమని?"

"తీసుకుపొమ్మని. మీ బావకి తీరటంలా, నువ్వన్నా తీసుకుపోరా అని ఫోన్ చేసింది. నేను ఆ నీళ్ల మొహం చూడనని తిట్టా. తిట్టి ఫోను పెట్టేశా. నీకు చెబుదామని పడవ కొన్న కాడ్నించీ అనుకుంటన్నా, నోరు రాలా."

అతను ఏడ్చాడు. పెద్దగా, సిగ్గులేకుండా, చిన్నప్పుడు అదే ఊళ్లో ఏడ్చినట్టుగా ఏడ్చాడు. నా చేతిలో మగ్గు ఇంకా ఉంది. అక్క పడవలో నీళ్లు లేకపోయినా ఒకటి రెండుసార్లు తోడాను. ఓదార్చాల్సింది నేనే. ఏం చెయ్యాలో తెలియక నా చెయ్యి తీసి అతని వీపు మీద పెట్టాను. అంతే చెయ్యగలిగాను. నన్నూ అడిగింది, మూడు సార్లు అడిగింది అని చెప్పాను. తెలుసన్నట్టు తల ఊపాడు. అక్క ఏమీ వినపడనట్టు ఇంజను తాడు లాగింది.

పడవని ఆ నెలలోనే అతను ఒడ్డుకెక్కించి, నా బంకంతా గీకేసి, దూదీ తారూ పెట్టి సందులు మూశాడు. ఇంకో రెండు నెలలు నా పేరునే ఉంది గానీ, తెడ్డు అతని చేతిలోకి పోయింది, ఆ తర్వాత పడవే అతనిదైపోయింది. ఇప్పుడు ఆదివారం మందిరం అయిపోగానే నీళ్ల మీదే ఉంటాడు. నేను వెళ్లినప్పుడు అక్క పెద్ద పడవ అడిగి తెచ్చి, నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని తిప్పుతాడు. ఇదిగో ఇక్కడ అక్కాయి సైకిలు నేర్చుకుంటా దిబ్బలో పడింది, ఇక్కడ బావి, ఇక్కడ నేను దాని పలక పగలగొట్టా అని నీళ్లకేసి చూపిస్తాడు. నాకు తెలియని పిల్ల ఎవరి గురించో వింటున్నట్టు వింటాను. వినడం బాగుంటుంది. ఏడుపు మాత్రం రాలేదు, ఇక రాదని కూడా అనుకోను.

ఆవిడ పోయి ఇప్పటికి ఐదేళ్లు దాటింది. క్యాలెండరు చూస్తే అన్నేళ్లయిందని నమ్మాల్సిందే గానీ, నాకు మాత్రం అదంతా ఎప్పటికీ పొద్దువాలని ఒకే ఒక్క మధ్యాహ్నంలా ఉంది, నేను అందులో ఇంకా నడుస్తూనే ఉన్నాను.