తోడు డబ్బా, నారు డబ్బా

బ్యాక్టీరియా అంటే నాకు గిట్టదు. గిన్నెలు తోమిన స్పాంజిని కూడా రెండోరోజు నమ్మను. అలాంటిది, మా ఆయన దాన్ని కొని తెచ్చి మరీ నా ఫ్రిజ్‌లో పెట్టాడు.

అంతా నా మిరప నారు కోసమే. ఈ కెనడా చలిలో, ఎడ్మంటన్‌లో మిరప కాయించాలంటే మంచు కరగకముందే బేస్‌మెంట్‌లో లైటు కింద నారు పోసుకోవాలి. ఆ ఏడు రెండుసార్లు పోశాను. రెండుసార్లూ మొలకలు మట్టి దగ్గర నల్లబడి వాలిపోయాయి. నారుకుళ్ళు అంటారు దాన్ని, మట్టిలోని బూజు చేసే పని. మూడోసారి పోసినవి ఆఖరి గింజలు. నాలుగేళ్ళుగా మా పెరటి కాయల నుంచే తీసి దాచుకుంటున్న రకం. ఈ ట్రే కూడా పోతే ఆ మిరప మాకిక లేనట్టే. నేను రోజుకు పదిసార్లు మెట్లు దిగి చూసి రావడం చూడలేక ఆయన ఆ పొడి ప్యాకెట్ తెచ్చాడు.

"మట్టిలో ఉండే మంచి బ్యాక్టీరియానే ఇది. వేర్ల చుట్టూ ముందే చోటు పట్టేసి బూజుని రానివ్వదు. తోడు లాంటిదనుకో," అన్నాడు.

తోడు అనేసరికి మెత్తబడ్డాను. సగం పొడి నీళ్ళలో కలిపి, పొద్దున్నే పోస్తానని ఖాళీ పెరుగు డబ్బాలో పెట్టాడు. నా పెరుగు తోడూ అలాంటి డబ్బాలోనే ఉంది. మా ఫ్రిజ్‌లో ఏ డబ్బా మీది పేరుకూ లోపలిదానికీ పొంతన ఉండదు.

మర్నాడు కళ్ళజోడైనా పెట్టుకోకుండా నా తోడులో నీళ్ళు కలిపి నారుకు పోసి ఆఫీసుకు పోయాడు. సాయంత్రం నేను మిగిలిన డబ్బా తీసి, తెల్లటి నీళ్ళుంటే పెరుగు అడుగనుకుని పాలలో తోడేశాను. తెల్లారి చూస్తే పాలు బంకలా సాగుతున్నాయి. డబ్బాలు మారాయని అర్థమై కిందికి పరిగెత్తాను. ట్రే నిండా పుల్లటి వాసన. రెండు మొలకలు వాలిపోయి ఉన్నాయి.

"నీ తోడు, నా డబ్బానే అనుకున్నా!" అన్నాడు నా వెనకే దిగి వచ్చిన ఆయన.

"నా తోడు పారబోసి, పైగా నా తోడంటావా!"

తిట్టినన్ని తిట్లూ తిట్టాను. ఆయన ట్రే ముందు గొంతుక్కూర్చుని, వాలిన మొలకకు టూత్‌పిక్ ఆసరా పెడుతున్నాడు. ఇక అది లేవదని ఇద్దరికీ తెలుసు. నా కోపం ఎటు పోయిందో పోయింది, ఆ మనిషి మీద జాలి, ప్రేమ ముంచుకొచ్చాయి.

పైమట్టి గీకేసి, మిగతా పొడి నేనే గోరువెచ్చటి నీళ్ళలో కలిపి, ఒక్కో మొలక మొదట్లో చెంచాతో పోశాను. పెరుగు తోడుకు పక్కవీధి తెలంగాణ అమ్మాయి ఇంటికి వెళ్ళాను.

"నువ్విచ్చిన తోడే కదక్కా, మూడేండ్ల సంది నడుస్తుంది. తీస్కపో," అని గిన్నె నిండా పెట్టింది.

మిగిలినవి తొమ్మిది మొలకలు. వారం గడిచింది, రెండు వారాలు గడిచాయి. ఒక్కటీ వాలలేదు. ఆ పొడి పుణ్యమో, నేను నీళ్ళు తగ్గించడమో చెప్పలేను కానీ, ఇప్పుడు నా ఫ్రిజ్‌లో ఆ ప్యాకెట్‌కు ఒక అర ఉంది.

ఆగస్టు చివర్లో మొదటి కాయ పండింది. ఆయనే కోసి కొరికాడు. ముక్కు ఎర్రబడింది, కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి.

"నీ తోడు, అస్సలు కారం లేదు," అంటూ గింజలు ఒక్కటీ పోనీయకుండా నా అరచేతిలో పెట్టాడు.