మగ్గం గుంత

వనపర్తి నుంచి గద్వాల వెళ్లే బస్సులో ఒక ముసలామె నా పక్కన కూర్చుంది. ఒళ్లో నూలు మూట. నేను కట్టబోయే ఇంటి ప్లాను విప్పి చూసుకుంటున్నాను. గద్వాలలో నేతపనివాళ్ల వీధిలో స్థలం కొన్నాను, కిరాయికిచ్చేందుకు రెండంతస్తులు వేయాలని. అక్కడ కిరాయిదార్లకు కొదవుండదని, ఇంత తెలివైన బేరం ఇంకెవరికీ తట్టలేదని నా ధీమా.

"ఏంది బిడ్డా, గా కాయితం?" అంది.

ఏ గది ఎక్కడొస్తుందో వేలితో చూపించాను. నేతపనివాళ్ల వీధిలో కిరాయికిచ్చేందుకని, నేలంతా పాలరాయి అని కూడా చెప్పాను.

"మరి మగ్గం గుంత యాడ?"

నేను ప్లానును పైనుంచి కిందిదాకా మళ్లీ వెతికాను.

"కాళ్లు గుంతల పెట్టి నెయ్యాలె గద. మేడ మీద గుంత ఎట్ల తవ్వుకోవాలె? కింద నీ పాలరాయి పగలగొట్టనిస్తవా?"

అలా అని సీటు అంచుకు జరిగి కళ్లు మూసుకుంది. పాదాలు ఒకదాని తర్వాత ఒకటి బస్సు నేలను తొక్కాయి. చేతులు అక్కడ లేని నాడెను, పోగును నేతలోంచి దాటించే ఆ కర్రను, అటూ ఇటూ విసిరాయి. బస్సు గతుకుల్లో ఎగిరిపడుతున్నా ఆ లయ తప్పలేదు. నా ప్లానులో లేని గది ఆ ఇరుకు సీట్లో మొత్తంగా కనిపించింది.

దిగబోతూ అంది: "కిరాయిండ్లల్లనే ముసలిదాన్నయిన. ఇల్లు ఇడిసినప్పుడల్ల గుంత పూడ్సి పొమ్మంటరు."

నేను మేడ వేయలేదు. కిందే రెండు వాటాలు కట్టి, ముందుగదుల్లో రాయి పరవకుండా గుంతలు తవ్వించాను. మొన్న ఒక కుటుంబం ఖాళీ చేస్తూ, "గుంత పూడ్సి పొమ్మంటరా సార్?" అని అడిగింది.

ఉంచమన్నాను.