కుడి పువ్వు

మే నెల. ఉదయం పదకొండు నలభైకి మా లారీ ఆ ఊరి బడి ముందు ఆగింది. గురజాల నుంచి పదిహేను కిలోమీటర్లు. ఊరి పేరు రాయను. మేం ఎనిమిది మందిమి. తలా ఒక రైఫిల్, మూడు మ్యాగజీన్లు, లాఠీ, హెల్మెట్. ఎండకు రైఫిల్ గొట్టం ముట్టుకుంటే చెయ్యి కాలింది. కేంద్ర బలగంలో నాకది పంతొమ్మిదో ఏడు. మాది నకరికల్లు. సెక్షన్‌లో తెలుగు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి గుడి దగ్గర పెట్టారు.

కమాండర్ హర్యానా మనిషి. హిందీలో మూడు ముక్కల్లో చెప్పాడు. "గుడి దగ్గర ఇద్దరు. చనిపోయినవాడి ఇంటి దగ్గర ఇద్దరు. నలుగురికి మించి గుమికూడనీయొద్దు."

నెల కిందట ఆ ఊరి నాయకుణ్ణి పట్టపగలు మిరప కల్లంలో నరికి చంపారు. అతను మంచివాడేమీ కాదు. తనవాళ్ళకు ఓటెయ్యలేదని పన్నెండు కుటుంబాలను ఊరు దాటించాడు. చంపింది అవతలి పార్టీ రైతు. తనే స్టేషన్‌కు వెళ్ళి, "దేవుణ్ణి అడిగే చేశాను" అన్నాడట.

ఆ ఊరికి దేవుడే రాజు. సర్పంచ్ కూడా ఆయన నౌకరే. గట్టు తగాదా అయినా, పెళ్ళి సంబంధమైనా గుళ్ళో పువ్వు అడుగుతారు. విగ్రహం భుజాల మీద చెరో తడి పువ్వు అంటిస్తారు. కుడిది ముందు పడితే సరేనని, ఎడమది పడితే వద్దని. ఆ రైతుకు కుడి పువ్వు పడింది. దేవుడి మాటని చనిపోయినవాడి మనుషులు కూడా నెల రోజులు కత్తి ముట్టలేదు.

పూజారికి డెబ్బై ఏళ్ళుంటాయి. పొద్దున్నే నాకు మజ్జిగ తెచ్చేవాడు.

"ఆర్డరిస్తే కాలుస్తారా నాయనా?" అని ఒకరోజు అడిగాడు.

"కాలుస్తాం."

"తర్వాత నిద్ర పడుద్దా?"

నేను మజ్జిగ గ్లాసు కడిగి ఆయన చేతికిచ్చాను.

తొమ్మిదో రోజు ఉదయం ఏడు పదికి చనిపోయినవాడి భార్య వచ్చింది. వెనక ఆమె మరిది. నా వైర్‌లెస్ సెట్‌లో కమాండర్ గొంతు. "గుడి పోస్టు, ఎవరు వాళ్ళు?"

"ఇద్దరే సార్. పూజకొచ్చారు."

ఆమె గడప ముందు నిలబడింది. "బాబాయ్, పువ్వు పెట్టు. మా ఆయన్ని చంపినోడి అన్నను ఏసేద్దామంటన్నారు మావోళ్ళు. దేవుడు వద్దంటే ఇంతటితో ఆపుతా."

నా వేలు సెట్ బటన్ మీదే ఉంది. నొక్కలేదు. దేవుడు వద్దంటాడేమోనని నేనూ ఎదురుచూశాను.

పూజారి పువ్వు తీశాడు. మళ్ళీ పళ్ళెంలో పెట్టేశాడు.

"నేను పెట్టలేనమ్మాయ్. ఆ రైతు అడిగిన రోజు దేవుడేం చెప్పలా. ఎడమ పువ్వు పడకుండా గంధం దట్టంగా పూసి అంటించింది నేనే. మీ ఆయన తరిమినోళ్ళలో నా కూతురుంది. విజయపురి సౌత్‌లో రేకుల షెడ్డులో కాన్పయింది. బిడ్డ దక్కలా."

ఆమె పళ్ళెంలో పువ్వు వైపు చూసింది.

"మా ఆయన చేసింది పాపమే. నాకు తెలీదా? కానీ దేవుడే చంపమన్నాడంటే ఇంక ఏడవడానికి నాకేం హక్కుందనుకున్నా. నెల్లాళ్ళు ఏడవలేదు బాబాయ్."

మెట్టు మీద కూలబడి అప్పుడు ఏడ్చింది. మరిది పూజారి మీదికి దూకాడు. లాఠీ అడ్డం పెట్టి ఆపాను. నాతో ఉన్న జవాను సెట్‌లో పిలిస్తే నాలుగు నిమిషాల్లో కమాండర్ వచ్చాడు. ముసలాయన ఏమన్నాడో చెప్పమన్నాడు. నేను పూజారి వైపు చూశాను.

"చెప్పు నాయనా. ఏదీ దాచమాక" అన్నాడు పూజారి.

అంతా హిందీలో చెప్పాను. ఎనిమిదింబావుకు పోలీసు జీపు వచ్చింది. పూజారి గుడికి తాళం వేసి ఎక్కాడు.

కమాండర్ నా పక్కన నిలబడ్డాడు. "చచ్చినవాడు దుర్మార్గుడేగా. ముసలాయన చేసింది తప్పంటావా?"

"తప్పే సార్."

అని రైఫిల్ ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకున్నాను. అంతకుముందు అడవి పోస్టింగులో రెండుసార్లు ఆర్డర్ మీద కాల్చాను. ఆ ఆర్డర్ వెనక ఎవరి కోపముందో నేనెప్పుడూ అడగలేదు.

మరిది మళ్ళీ గుడివైపు రాలేదు. ఆమే తనవాళ్ళను ఆపిందట, రెండో చావు జరగలేదు. ఇరవయ్యో రోజు పికెట్ ఎత్తేశారు. ఇప్పుడు రిటైరై నకరికల్లులో పత్తి వేస్తున్నాను. టీ కొట్టు దగ్గర ఎవరో ఒకరు, "అట్టాంటోణ్ణి చంపితే తప్పేంది?" అంటారు. నేను వాదించను. లారీ ఊరు దాటుతున్నప్పుడు చూసిందే కళ్ళ ముందుకొస్తుంది.

తాళం వేసిన గుడి తలుపు. మెట్ల మీద చనిపోయినవాడి భార్య ఒక్కతే. విస్తరాకులో వేడి అన్నం గడప ముందు పెట్టి, దేవుడు తినేదాకా ఈగలు తోలుతూ కూర్చుంది.