ఒక ఫొటోకి ఒకటే మాట

మా శేషగిరి అంకుల్ ఇక లేరు. గత మంగళవారం ఉదయం ఇక్కడ ఐర్లండ్‌లో, కార్క్ నగరంలోని ఆసుపత్రిలో కన్నుమూశారు. అప్పుడు నేను మందుల ఫ్యాక్టరీలో షిఫ్టులో ఉన్నాను. లోపలికి ఫోన్ తీసుకెళ్ళనివ్వరు కాబట్టి ఆ దుర్వార్త నాకు మూడు గంటలు ఆలస్యంగా అందింది. ఆ మూడు గంటలూ ఆయనకు సాయంత్రం ఏం రాయాలా అని ఆలోచిస్తూ పనిచేశాను. షిఫ్టు అయ్యాక లాకర్ లోంచి ఫోన్ తీసి మెసేజ్ చదివాను.

కార్క్ పక్కనే ఉన్న మా ఊరు బాలింకాలిగ్ తెలుగువాళ్ళలో కెమెరా పట్టిన ప్రతివారికీ ఆయన గురుతుల్యులు. మా ఫ్యాక్టరీలోనే నాణ్యత పరీక్షించే విభాగంలో పనిచేసి రిటైరయ్యారు. మేం తీసిన ఫొటోలు వాట్సాప్ గ్రూపులో పెడితే మంచిచెడ్డలు చెప్పేవారు. గ్రూపులో ఒకటే నిషేధం: ఎవరూ 'సూపర్' అనకూడదు. నచ్చినది ఒకటి వెతికి చెప్పాలి, ఆ తరువాత మార్చుకోవలసినది ఒకటి. "ఒక ఫొటోకి ఒకటే మాటమ్మా. రెండో తప్పు చెబితే మొదటిది కూడా బుర్రకెక్కదు" అనేవారు.

చేరిన కొత్తలో నేను సముద్రం మీద సూర్యాస్తమయం తీసి, తెగ మురిసిపోతూ పెట్టాను. ఆయన ఫోన్ చేశారు.

"రంగులు బాగా పట్టావమ్మా సుజాతా. ఎక్కడ నుంచుని తీశావ్?"

"కార్లోంచే అంకుల్. బయట గాలి మామూలుగా లేదు."

"అదే అనుకున్నా. ఈసారి కారు దిగు."

నాకు ఒళ్ళు మండింది. వారమంతా ఆయన్ని మనసులో తిట్టుకున్నాను. ఆదివారం వానలో అక్కడికే వెళ్ళి, కారు దిగి తీశాను. ఆ ఫొటో ఇప్పటికీ మా హాల్లో ఉంది.

అంత నిష్కపటమైన మనిషికి ఎక్కడ ఆగాలో కూడా తెలుసు. ఆయన పొరుగింట్లో మోరా అనే ఐరిష్ ఆవిడ ఉంది. భర్త పోయాక, తాను తీసిన ఆయన ఆఖరి ఫొటో తెచ్చి, దీన్ని బాగుచేయగలరా అని అడిగింది. నుదురు సగం తెగిపోయింది, వెనకాల చెత్త డబ్బాలు. అంకుల్ చాలాసేపు చూసి, "ఆయన మిమ్మల్ని చూసి నవ్వుతున్నారు మోరా. ఇట్స్ గ్రాండ్, ఇలాగే బాగుంది. దీన్ని ముట్టుకోవద్దు" అన్నారు. ఆవిడ ఏడ్చింది. అంకుల్ ఆవిడకి టీ పెడతానని లోపలికెళ్ళి, నీళ్ళు కాగబెట్టి, ఆ సంగతే మరిచిపోయారు. టీ విషయంలో ఆయనది ఎప్పుడూ అదే వరస.

ఆయన తీసిన ఫొటోలు మాత్రం అంతంతమాత్రమే. "చూడ్డం వచ్చినంతగా తియ్యడం రాలేదమ్మా నాకు" అని ఆయనే నవ్వేవారు.

పోయిన నెల ఆసుపత్రిలో చేరారు. ఇంటికి రారని మా అందరికీ తెలుసు. ఆయనకీ తెలుసు. మంచం మీద నుంచే కిటికీలోంచి ఒక సముద్రపు పక్షిని ఫొటో తీసి గ్రూపులో పెట్టి, కింద 'చెప్పండి' అని రాశారు. అంతే, సూపర్ల వర్షం. నిషేధం ఒక్కరికీ గుర్తు రాలేదు. నేనూ 'చాలా బాగుంది అంకుల్, త్వరగా కోలుకోండి' అని రాశాను.

పది నిమిషాలకి నాకొక్కదానికే ఆయన గొంతు రికార్డు చేసిన మెసేజ్ వచ్చింది. ఆయాసపడుతూ మాట్లాడారు. "ఏమ్మా, నువ్వు కూడానా? బతికుండగానే దండ వేసేస్తున్నారు నాకు. ఒక్క మాట చెప్పు. నీ మాట కోసం చూస్తుంటా."

ఆ మాట నాకు తెలుసు. ఫొటో చూసిన క్షణమే తెలిసింది. నాలుగు రోజులు రాశాను, చెరిపాను. ప్రాణం పోతున్న మనిషికి తప్పు చూపించడానికి నాకు నోరెలా వస్తుంది? అది దయ అనుకున్నాను. పిరికితనం. అయిదో రోజు మంగళవారం.

అంత్యక్రియల దగ్గర ఆయన కూతురు కీర్తన నా చెయ్యి పట్టుకుంది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. "హి వజ్ వెయిటింగ్ ఆన్ యువర్స్, ఆంటీ. మీ మాట వచ్చిందా అని రోజూ ఫోన్ అడిగి చూసుకునేవారు" అంది. అందులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేది.

ఇప్పుడు మా గ్రూపులో అందరూ ఆయనకు నివాళులు రాస్తున్నారు. మహానుభావుడు, మార్గదర్శి, ఆయన స్థానం ఎవరూ పూరించలేరు అంటున్నారు. అన్నీ నిజమే. కానీ ఆయన అడిగింది అది కాదు. అడిగినది నేనివ్వలేదు. ఈ వ్యాసం అందుకే రాస్తున్నాను.

అంకుల్, మీ ఫొటోలో నాకు నచ్చినది కిటికీ అద్దంలో లీలగా కనిపిస్తున్న మీ చెయ్యి. ఫోన్ కదలకుండా ఎంత గట్టిగా పట్టుకున్నారో తెలుస్తోంది.

మార్చవలసినది ఒకటే. పక్షిని ఫొటో అంచుకి తెచ్చేశారు. ఎగిరే పక్షి ముందు చోటు వదలాలని మాకు నేర్పింది మీరే కదా. దాని ముందు ఇంకొంచెం ఆకాశం ఉండాల్సింది, అంకుల్.