చెరి సగం కైలాసం

మా తాత దగ్గర చెక్క పిడి ఉన్న దుర్బీన్ ఒకటి ఉండేది. దాని అసలు పేరు స్టీరియోస్కోప్ అని నాకు చాలా ఏళ్ళ తరువాత తెలిసింది. దానితోపాటు కొన్ని అట్టలు. ఒక్కో అట్ట మీద పక్కపక్కనే రెండు ఫొటోలు, పందొమ్మిదో శతాబ్దంలో ఎవరో దొరలు తీసినవి. ఒకటి ఎడమ కంటికి, ఒకటి కుడి కంటికి. దుర్బీన్‌లోంచి చూస్తే రెండూ ఒకటై, మంచుకొండ ముందుకొచ్చి నిలబడేది, ఆకాశం వెనక్కి జరిగేది. ఆ మంచు ముట్టుకోబోయి తిట్లు తిన్న పిల్లల్లో నేనూ ఉన్నాను.

తాత పోయాక మా నాన్న బాపు, ఆయన తమ్ముడు కాక వేరుపడ్డారు. పంపకాల్లో పెద్దమనుషులు దేన్నీ వదల్లేదు. అట్టల దగ్గరికి వచ్చేసరికి, "రెండు ఒక్కతీరుగనే ఉన్నయి గదా, చెరొకటి తీస్కోర్రి" అని కత్తెరతో నిలువునా కోసేశారు. ఎంత న్యాయమో చూడండి. దుర్బీన్ బాపుకు, ఇత్తడి దీపపు సెమ్మె కాకకు. కాక నాందేడ్ వదిలి పక్క ఊరు ముద్‌ఖేడ్ వెళ్ళిపోయాడు. పోట్లాట లేదు గానీ, రాకపోకలు పెళ్ళిళ్ళకీ చావులకీ మిగిలాయి.

ఈమధ్య బాపుకు కంటి ఆపరేషన్ అయింది. పట్టీ విప్పాక నాందేడ్ అంతా కొత్తగా ఉందన్నాడు. ఆ తరువాత, "మీ కాకతాన ఆ కొండ ముక్క ఉన్నదో లేదో" అన్నాడు. పారేశారని తెలిస్తే ఈ మనిషి ఇక ఆ గడప తొక్కడు. ఫోన్ చేసి అడుగుదామంటే వద్దన్నాడు. దుర్బీన్, మా సగం ముక్క సంచిలో వేసుకుని ఇద్దరం రైలెక్కాం.

కాక కంగారుపడుతూ కుర్చీలు తుడిచాడు. సంగతి వినగానే లోపలికి పోయి దేవుడి గూట్లోంచి కొండ ముక్క తెచ్చాడు. కైలాసమని ఇన్నేళ్ళూ బొట్టు పెట్టి మొక్కుతున్నారట. ఏ విలాయతీ కొండో పాపం, పండగ పండగకీ కొబ్బరికాయ కొట్టించుకుంది. "మిగిలినయి చెదలు పట్టినయన్నా" అని కాక తలవంచుకున్నాడు.

రెండు ముక్కలూ దుర్బీన్‌లో నిలబెట్టి ఇచ్చాను. బాపు మొహం చిట్లించాడు. "ఇదేందమ్మా, కొండ గుంత లెక్క కనబడుతున్నది." చెడింది కన్నో ఫొటోనో తెలియలేదు. ముక్కలు తారుమారుగా పెట్టానేమోనని తోచి, కుడి ముక్క ఎడమకు, ఎడమది కుడికి మార్చాను.

ఈసారి బాపు దుర్బీన్‌ను కళ్ళకు ఇంకా దగ్గరగా అదుముకున్నాడు. "లేచింది" అన్నాడు చివరికి. "బొట్టు మాత్రం గాల్ల ఊగుతున్నది, ఒక్క ముక్కకే ఉన్నది గదా." హమ్మయ్య అనుకున్నాను. తరువాత కాక చూశాడు, నేనూ చూశాను. రోజంతా ఫోన్‌లో లోకాన్ని చూసే నాకు కూడా ఒళ్ళు ఝల్లుమంది.

బయలుదేరేటప్పుడు కాక తన ముక్కను బాపు సంచిలో పెట్టబోయాడు. "నువ్వే కొంచవో అన్నా, సగంతోని నేనేం చేస్త."

బాపు ఆ ముక్కనీ, తన ముక్కనీ, దుర్బీన్‌నీ గూట్లోనే పెట్టించాడు. "ఈడనే ఉండనియ్‌రా. చూడబుద్ధయితే నేనే అస్త."

కాక గుమ్మం దాకా వచ్చి, "ఎప్పుడస్తవ్?" అని అడిగాడు.

"అచ్చే ఐతారం" అన్నాడు బాపు.